తెషాత కొలిమి మీద పెట్టిన ఒట్టు

ఆ రోజు సంతలో తెషాతే గెలిచాడు. అది నేను కళ్ళారా చూశాను. అతన్ని గెలిపించింది నా కూర కుండలో ఉన్న పులిసిన క్యాబేజీ నీళ్ళేనని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

వంతెన దాటాక సంతలో మా ఒరల దుకాణం, అతని కత్తుల పలక పక్కపక్కనే ఉండేవి. మా ఆయన తోలుతో ఒరలు కుట్టేవాడు. కత్తి కొన్నవాడికి ఒర కావాలి కనుక ఒకరి బేరం ఒకరికి కలిసొచ్చేది. ఇద్దరూ అన్నదమ్ముల్లా మెలిగేవారు. ఆ వరసనే తెషాత నన్ను వదినా అని పిలిచేవాడు. మా ఆయన పోయాక కూడా అతను ఆ పిలుపు మానలేదు, నేను ఒరలు కుట్టడం మానలేదు.

మాంసం కొట్టు రతిమీర్ వచ్చి ఒక కత్తిని తెషాత పలక మీదికి విసిరాడు. రతిమీర్‌ది పెద్ద గొంతు. పొట్ట అంతకంటే పెద్దది.

"ఇది కత్తా, చేప తోకా? పంది తోలు మీద పెడితే ముద్దెట్టుకుని జారిపోతంది. నీ దగ్గర కొన్నదే ఇది. ఇంకోటియ్యి," అన్నాడు.

తెషాత కత్తిని చేతిలోకి తీసుకుని అంచు చూడలేదు, పిడి చూడలేదు. తిరగేసి వీపు చూశాడు. సాన రాయితో ఆ వీపు మీద మురికి గీకి, నావైపు చెయ్యి చాపాడు. "వదినా, నీ కూరలో నీళ్ళు కాసిని పొయ్యి."

నాకు అర్థమయింది. కుండ ఇచ్చాను.

తెషాత కత్తి కొట్టే తీరు వాళ్ళ తాతల నాటిది. చేపను పిండిలో పెట్టి మూసి కాలుస్తామే, అలాగ. నడుమ పలుచటి ఉక్కు పట్టీ, దానికి అటూ ఇటూ ఇనుప పట్టీలు. మూడింటినీ కలిపి కొలిమిలో తెల్లగా కాల్చి, మీద ఇసుక చల్లి, అది కరిగి ఇనుము మీద కట్టిన చిట్టెం పొట్టును వదిలించే క్షణాన దాగలి మీద పెట్టి కొట్టేవాడు. మూడూ ఒకటయ్యేవి. చివర నీళ్ళలో ముంచితే నడుమ ఉక్కు బిగుసుకునేది, పక్కల ఇనుము మెత్తగా ఉండి విరగకుండా కాసేది. ఆ కత్తిని ఎంత సాన పట్టు, అరిగేకొద్దీ లోపలి నుంచి ఉక్కే వస్తుంది. పుల్లంత అయ్యేదాకా కోస్తుంది. దాని వీపు తోమి పుల్లటి నీళ్ళు పూస్తే తెల్లటి ఇనుము నడుమ నల్లటి గీత తేలుతుంది.

రతిమీర్ తెచ్చిన కత్తి వీపు మీద గీత లేదు. గీత కాదు గదా, మచ్చ కూడా లేదు.

అప్పటికే మా ఊళ్ళో కొందరు కమ్మర్లు కొత్త దారి పట్టారు. కత్తంతా ఇనుముతో చేసి, అంచున మాత్రం గోరంత ఉక్కు అతికేవారు. పని తొందరగా తెములుతుంది, ఉక్కు కొంచెమే పడుతుంది. కొత్తలో రెండూ ఒకేలా కోస్తాయి. అంచు అరిగి ఆ అతుకు పోయాక చేతిలో మిగిలేది గరిటె కాడ.

తెషాత ఏమీ అరవలేదు. చుట్టూ మూగినవాళ్ళను చూసి, నా దగ్గర కొన్న కత్తి ఎవరి నడుముకైనా ఉంటే తియ్యండి అన్నాడు. ఆడవాళ్ళే ముందు తీశారు. ఒక్కొక్క కత్తి వీపు తోమి నా కుండలో ముంచి చూపించాడు. అన్నింటికీ గీత తేలింది. ఒక ముసలామె కత్తి అరిగి అరిగి చేప ముల్లంత అయింది, దానికీ గీత ఉంది. జనం నవ్వారు. రతిమీర్ మెడదాకా ఎర్రబడ్డాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. రతిమీర్ ఊరుకునే రకం కాదు.

"ఇవాళ్టికి నీదే గెలుపు. రేపు నువ్వూ అందరి దారిలోనే పోతావు, ఇదే నోటితో బొంకుతావు. పోనని శిలువ ముద్దెట్టుకుని చెప్పు చూద్దాం," అన్నాడు.

సంత చర్చి పాదిరిగారు అక్కడే ఉన్నారు. శిలువ చాపారు. రతిమీర్ అడిగింది తెషాత చేతి గురించి. తెషాత చెప్పింది అంతకు మించి. "నా కొలిమిలో నిప్పు ఉన్నన్నాళ్ళు, అది నా చెయ్యయినా నా వాళ్ళ చెయ్యయినా సరే, నడుమ ఉక్కు లేని కత్తి బయటికి రాదు. వస్తే నా ఇంట్లో రొట్టె నిలవకూడదు," అని శిలువను ముద్దుపెట్టుకున్నాడు. జనం టోపీలు ఎగరేశారు.

తిరిగి వస్తూ వంతెన మీద అడిగాను, నీ చేతి సంగతి నువ్వు చెప్పుకుని ఊరుకోక కొలిమినీ రొట్టెనూ మధ్యలోకి ఎందుకు లాగావయ్యా అని. గెలుపు తలకెక్కినవాడి చెవి పని చెయ్యదు. రేపు అల్లుడొస్తే నా దగ్గరే నేర్చుకుంటాడులే వదినా, అని నవ్వాడు.

అల్లుడు వచ్చాడు. పేరు దొమాష్. భార్య చనిపోయాక తెషాత తన ఒక్క కూతురు మిలూషను పెంచి, అతన్ని ఇల్లరికం తెచ్చుకున్నాడు. దొమాష్‌ను నేను చాలా మాటలన్నాను గాని, మనిషి మంచివాడే. బలమైనవాడు, భార్య అంటే ప్రాణం పెట్టేవాడు. ఆదివారం పూట వాళ్ళకొక ఆడపిల్ల పుట్టింది. అందుకే ఆదివారం పేరే పెట్టి నెదెల్క అన్నారు. నడక వచ్చింది మొదలు ఆ పిల్ల తాతను వదలని బొగ్గు మరక అయిపోయింది. కొలిమి దగ్గర తోలు ముక్క మీద కూర్చుని, తాత సుత్తి దింపినప్పుడల్లా అరిచేయి నేలకు కొట్టేది.

దొమాష్ కొత్త పద్ధతిలో పని నేర్చినవాడు. పొద్దున్న కొలిమి రాజేస్తే సాయంత్రానికి బుట్టెడు కత్తులు తీయగలడు. అలా చేద్దాం మామా, కొనేవాళ్ళకు అవే కావాలి అని బతిమాలాడు. తెషాత వినలేదు. ఒట్టు నా చేతి మీద కాదు, కొలిమి మీద పెట్టాను, నీ చెయ్యి కూడా దాని కిందికే వస్తుంది అన్నాడు. దొమాష్ రోజూ పొద్దున్నే మామ కొలిమిని దాటుకుని పక్క వీధిలో పరాయి కమ్మరి దగ్గరికి కూలికి పోయేవాడు. ఇంట్లో కొలిమి పెట్టుకుని బయట కూలి. దాన్ని చూసి వీధి నవ్వింది. తెషాత తల దించలేదు.

సంతలో అతని పలక ముందు జనం పలచబడ్డారు. ఒకడు నాతోనే అన్నాడు, మనవడి దాకా నిలిచే కత్తి నాకెందుకమ్మా, మనవడు నిలుస్తాడని ఎవరు చెప్పారు అని. నోరు చేసుకుని పంపించాను. తర్వాత ఆలోచిస్తే వాడి మాటలో అబద్ధం కనిపించలేదు.

ఆపైన ఆ ఏడు వచ్చింది. ఏప్రిల్ ఆఖరున వచ్చే యాకోబు పండుగ దాటేదాకా మంచు కరగలేదు. రొట్టెల గింజకని వేసిన రై పైరు కోతకు రాకముందే మళ్ళీ మంచు కురిసి, వెన్ను వెన్నున నల్లగా కమిలిపోయింది. చలికాలం సగానికి వచ్చేసరికి సంతలో గింజ కనబడలేదు. లిండెన్ ఆకు, బిర్చి బెరడు, పైను చెట్టు లోపొర ఎండబెట్టి దంచి, గడ్డితో కలిపి రొట్టెలని కాల్చుకున్నాం. గుర్రం చస్తే జనం కొట్టుకున్నారు. దుంగలు పరిచిన వీధుల్లో చచ్చి పడినవాళ్ళను పక్కకు లాగి పోయేవాళ్ళం. ముందు ముక్కు మూసుకునేవాళ్ళం, తర్వాత అది కూడా మానేశాం. నా దగ్గర ఒరలకు కోసిన తోలు ముక్కలుండేవి. వాటిని నానబెట్టి ఉడికించి ఆ నీళ్ళు తాగేదాన్ని. నెదెల్కకు ఒక గిన్నె పట్టుకెళ్ళేదాన్ని. ఆ పిల్ల కళ్ళు ముఖం కంటే పెద్దవైపోయాయి. మోకాళ్ళు ఉబ్బాయి. ఇంకో నెల గింజ పడకపోతే ఈ పిల్ల దక్కదని నాకు తెలుసు, తెషాతకూ తెలుసు.

దొమాష్‌కు కూలి పోయింది. సరిగ్గా అప్పుడే ఒక పెద్దింటి పెత్తందారు మా వీధికి వచ్చాడు. వాళ్ళ మనుషులు ఉత్తరాదికి బొచ్చు తోళ్ళ కోసం బయల్దేరుతున్నారు. అక్కడి అడవి జనానికి మారకం ఇవ్వడానికి కత్తులు కావాలి, కట్టలు కట్టలుగా. మంచిది చెడ్డది చూడం, అంచు మెరిస్తే చాలు, కత్తులకు బదులు రై పిండి కొలుస్తాం, బళ్ళు కదిలేలోగా తేవాలి అని చెప్పిపోయాడు.

దొమాష్ మామ కాళ్ళ మీద పడ్డాడు. మిలూష అప్పటికి లేచి కూర్చోలేకపోతోంది. ఆమె పడుకునే పిల్లను తాత ఒళ్ళోకి జరిపి గోడవైపు తిరిగింది. తెషాత లేచి పాదిరిగారి దగ్గరికి వెళ్ళాడు. ఎవరి ముందు శిలువ ముద్దుపెట్టుకున్నావో అతనే నిన్ను విడిచిపెట్టాలి, మా చేతిలో లేదు అని పాదిరిగారు చెప్పారు.

రతిమీర్ ఇంటికి నేనూ వెంట వెళ్ళాను, ఎందుకంటే తెషాత నడుస్తుంటే గాలికి ఊగుతున్నాడు. రతిమీర్ పొట్ట కూడా ఖాళీ సంచిలా వేలాడుతోంది, కాని ఆ ఇంట్లో ఇంకా పంది కొవ్వు వాసన ఉంది. అతను అంతా విన్నాడు. నేను విడిచిపెడతాను, అడ్డేమీ లేదు అన్నాడు. "కానీ సంతలో అదే చోట నిలబడి, ఆ రోజు రతిమీర్ తెచ్చిన కత్తి నాదే, నేను బొంకి గెలిచానని చెప్పు. చెప్పి పిండి తెచ్చుకో."

తెషాత ఇంటికి వచ్చి, చల్లారిన కొలిమి ముందు కూర్చున్నాడు. ఆ పూట కూర్చున్నాడు, మర్నాడూ కూర్చున్నాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. అబద్ధమాడితే నాలుక ఊడదు, ఆకలికి అయితే ప్రాణం ఊడుతుంది, నీ పేరును నెదెల్క నోట్లో పెట్టి నమిలించు చూద్దాం అన్నాను. అతను ఒకే మాట చెప్పాడు.

"నాకు ఇనుమూ తెలీదు, ఉక్కూ తెలీదు వదినా. నాకు తెలిసిందల్లా ఏ కత్తిలో ఏది యాడుందో నిజం చెప్పటమే. అది కూడా బొంకంటే ఇంకేం మిగిలింది నా దగ్గర?"

ఆ మరునాడు పొద్దున్న మిలూష చచ్చిపోయింది. మజ్జిగ మరక కూడా లేని గిన్నె చేతిలో పట్టుకుని పోయింది. ఆమెను గోతిలోకి దించి వచ్చి, చేతుల మట్టి కడుక్కోకుండా తెషాత సంతకు నడిచాడు.

సంత అని పేరే గాని బోసిపోయి ఉంది. అతను అదే చోట నిలబడ్డాడు. ఆ కత్తి నాదే, నేను బొంకాను అని గట్టిగా చెప్పాడు. విన్నది కొద్దిమంది. రతిమీర్ విన్నాడు, అతనికి అది చాలు, శిలువ ముద్దుపెట్టుకుని ఒట్టు విడిచిపెట్టాడు. అక్కడున్న ఒక ఆడమనిషి తన నడుము నుంచి తెషాత కత్తి తీసి చూసుకుంది. మంచులో అతని కాళ్ళ ముందు పడేసి వెళ్ళిపోయింది. అతను వంగలేదు. ఎవడో ఆకలివాడు దాన్ని ఏరుకుని పరుగెత్తాడు.

బళ్ళు ఇంకా కదల్లేదు. పెత్తందారు కబురు మీద కబురు పంపుతున్నాడు. మామా అల్లుళ్ళు కొలిమి రాజేశారు. ఉక్కు చెయ్యాలంటే ఇనుప పట్టీలను కొమ్ము పొడి, గిట్టల పొడి, బొగ్గులతో కుండలో పెట్టి మట్టితో మూసి, రోజంతా నిప్పులో ఉంచాలి. ఊళ్ళో కొమ్ము లేదు, గిట్ట లేదు. అన్నీ ఉడకబెట్టుకుని తినేశారు. తోలు కాల్చినా పని జరుగుతుందని తెషాత అన్నాడు. నా దగ్గర మిగిలిన తోలంతా తెచ్చి ఇచ్చాను. అది మా నలుగురి వారం కూడు. ఆ కుండ నుంచి పొగ వస్తుంటే నెదెల్క ముక్కు ఎగబీల్చింది, వంట అనుకుంది పాపం.

ఉక్కు వచ్చింది. ఇక అంచుకు అతకడమే.

ఇక్కడ జరిగింది ఎవరికి చెప్పినా నమ్మరు. తెషాత చేతులు మాట వినలేదు. దొమాష్ మామకు చూపించాడు, ఉక్కు పట్టీని అంచున ఏటవాలుగా ఆనించి ఎలా కొట్టాలో. తెషాత తల ఊపాడు. పట్టకారు పట్టాడు. కొలిమిలోంచి తీసి దాగలి మీద పెట్టేసరికి, ఉక్కును నడుమ పెట్టి ఇనుముతో మూసేస్తున్నాడు. దొమాష్ ఒకసారి ఊరుకున్నాడు, ఇంకోసారి ఊరుకున్నాడు.

"మామా, మళ్ళీ నడుమే పెట్టావు. ఉక్కంతా అయిపోతంది," అన్నాడు, ఏడుపు గొంతుతో.

"తెలుసురా. నా చేతులు కొట్టెయ్యి, అప్పుడు మానతాయి," అన్నాడు తెషాత.

బలవంతాన అంచున పెట్టి కొడితే అతుకు పట్టక ఉక్కు జారి బూడిదలో పడింది. జీవితమంతా ఒకే దెబ్బ కొట్టిన మనిషికి ఇంకో దెబ్బ రాదు. చివరికి దొమాష్ అతన్ని గాలి ఊదే తిత్తి దగ్గర కూర్చోబెట్టి ఒక్కడే కొట్టాడు. కాని అప్పటికే ఉక్కు సగం పాడైంది. ఇంకో కుండ కాల్చడానికి తోలు లేదు. దొమాష్ తన నడుముకున్న తోలు పటకా విప్పి, కాళ్ళ జోళ్ళు విప్పి ముక్కలు చేసి కుండలో వేశాడు. ఆ కుండ కాలేసరికి ఇంకొక రోజు పోయింది.

దొమాష్ కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని మంచులో బుట్ట మోసుకుంటూ పోయాడు. బళ్ళు ఆ పొద్దునే కదిలిపోయాయి. అవతలి ఒడ్డు కమ్మర్లు ఎవరి ముందూ ఒట్టు పెట్టుకున్నవాళ్ళు కాదు, కత్తులు ముందే ఇచ్చి పిండి ముందే కొలిపించుకున్నారు. నిన్న వచ్చి ఉంటే బాగుండేది అన్నాడట పెత్తందారు. దొమాష్ బుట్టతో తిరిగి వచ్చాడు. అతని పాదాలు నల్లబడ్డాయి. జ్వరం వచ్చి కొన్నాళ్ళకే అతనూ మిలూష పక్కకు చేరాడు. చివరిదాకా మామను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తెషాతకు కాస్త తేలికగా ఉండేదేమో.

ఆ బుట్ట వాకిట్లోనే ఉండిపోయింది. తడికి తుప్పు పట్టింది. కత్తి కొనేవాడెవడు, కోసుకోవడానికి ఏముందని?

ఇంట్లో తాతా మనవరాలూ మిగిలారు. నేను తెచ్చే నాచు, బెరడు పిండితో వాళ్ళు ఎలా చలికాలం దాటారో నాకే తెలియదు. పిల్ల నోట్లో పెట్టిన ముద్ద కక్కేసినప్పుడల్లా తెషాత నావైపు చూసేవాడు, చూశావా అన్నట్టు. అతనికి ఒకటే పట్టుకుంది. బొంకి విడిపించుకున్న ఒట్టు విడిపోయినట్టు కాదు, ఈ కప్పు కింద రొట్టె నిలవదు అని. పాదిరిగారు కాదన్నారు. నేనూ కాదన్నాను. ఆకలి ఊరందరికీ ఉంది, వాళ్ళంతా ఒట్టు పెట్టారా అన్నాను. నా మాట నాకే గట్టిగా అనిపించలేదు.

మా వోల్ఖోవ్ నది మీద మంచు పగిలింది. సముద్రం అవతలి వర్తకుల పడవలు వచ్చాయి. ఆ ఏడు రేవులో ఏం జరిగిందో మా ఊరివాళ్ళు మాట్లాడుకోరు. తల్లులూ తండ్రులూ పిల్లల్ని తెచ్చి పడవల్లో కూర్చోబెట్టి, ఏమీ పుచ్చుకోకుండా వెనక్కి తిరిగేవారు. వర్తకులు వాళ్ళకు తిండి పెడతారు. ఆ తర్వాత ఎక్కడికి తీసుకుపోతారో, ఏం చేస్తారో ఎవరూ అడగలేదు. అడిగితే ఇవ్వలేరు కదా.

ఒక పొద్దున తెషాత మా గుమ్మంలోకి వచ్చాడు. గోడ పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. పిల్ల నిద్రపోతోందని, లేచేలోగా చెప్పాలని అన్నాడు. గోట్‌లండ్ దీవి వర్తకుల పడవ రేపు కదులుతుంది, అందులో ఒకాయన ముఖం మంచివాడిలా ఉంది, ఇంకా జాగా ఉందట. నిన్న రేవుదాకా తానే పిల్లను తీసుకెళ్ళాడు. పడవ ఎక్కించబోతే అది తాత గడ్డం పట్టుకుని వదల్లేదు, వేళ్ళు విప్పలేక వెనక్కి తెచ్చేశాడు.

 

"నువ్వు తీసుకెళ్ళు వదినా. నువ్వంటే దానికి భయం, నీ మాటకు ఎదురు చెప్పదు. ఆ ఇంట్లోంచి బయటపడితే దానికి కూడు నిలుస్తది. తాత ఏడని అడిగితే చచ్చాడని చెప్పు, ఎనక్కి చూడకుండా ఉంటది. ఇంకొకటి. దారి పొడుగునా తిడతానే తీసుకెళ్ళు. నీకొచ్చిన తిట్లన్నీ తిట్టు. పడవెక్కాక ఏడిస్తే నీ మీద కోపంతో ఏడవాలి గాని, నాకోసం ఏడవకూడదు."